పీచు పట్టిన రంగు

బాలానగర్‌లో ఓంకార్ రంగుల యూనిట్ వెనక, ప్రహరీ గోడకు ఆనించి నిలబెట్టిన డ్రమ్ముల దగ్గర రోహిణి గొంతుక్కూర్చుంది. ఆఖరి డ్రమ్ము కింది నల్లా తిప్పి గాజు గ్లాసులోకి నీళ్లు పట్టి ఎండకు ఎత్తి చూసింది. పలచటి డికాక్షన్‌లాగా కొంచెం మట్టిరంగు ఉంది గానీ ఊదా మాత్రం లేదు. అవతల మొదటి డ్రమ్ములోకి పోతున్న నీళ్లేమో నేరేడుపండ్లు పిసికి పోసినట్టున్నాయి.

ఈ గ్లాసెడు నీళ్ల కోసం పడ్డ పాట్లు తలుచుకుంటే ఆమె అప్పుడు ఎగిరి గంతెయ్యాలి. కానీ రోహిణికి ముందుగా తెలిసింది, లేచి నిలబడాలంటే మోకాళ్లు మాట వినడం లేదని. డ్రమ్ము అంచు పట్టుకుని మెల్లగా లేచింది.

"తేటగొచ్చినయా మేడం?" తలుపు దగ్గర నిలబడి అడిగాడు ఓంకార్.

"వచ్చినయ్."

"నిజంగనా?"

"నువ్వే చూడరాదన్నా."

అతను గ్లాసు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వాసన చూశాడు. అతని మొహంలోనూ పెద్ద సంబరమేమీ కనబడలేదు. తండ్రి పెట్టిన యూనిట్ అది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ వార్షికోత్సవాలకూ పరుగు పందాలకూ పంచుకునే టీషర్టుల గుడ్డ అక్కడ రంగు పట్టి బయటికి పోతుంది. రంగు నీళ్లు నాలాలోకి వదులుతున్నారని కాలుష్యం ఆఫీసు వాళ్లొచ్చి గేటుకు నోటీసు అంటించి పోయారు. మళ్లీ వచ్చేసరికి నీళ్లలో రంగుంటే కరెంటు కోసేస్తామన్నారు. పెద్ద శుద్ధి యంత్రాలు పెట్టుకునే స్తోమత అతనికి లేదు. రోహిణి డ్రమ్ములకు అతను ఒప్పుకున్నది నమ్మకంతో కాదు, వేరే దారి లేక.

"బతికిచ్చినవ్ మేడం," అన్నాడు గ్లాసు తిరిగిచ్చి. "ఇగ కంటి మీదికి నిద్రొస్తదేమో చూడాలె."

రోహిణిది పుప్పాలగూడ. వాళ్ల నాయన దున్నిన చెలకలోనే ఇప్పుడు వాళ్లుండే అపార్టుమెంట్లు లేచాయి. భూమి ఇచ్చినందుకు బిల్డరు ఇచ్చిన ఫ్లాటులో ఆమే, తల్లి భూలక్ష్మీ ఉంటారు. డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి చెప్పి విసుగుపుట్టి, తోటివాళ్లు పిల్లల ర్యాంకుల గురించి బెంగపడే వయసులో రోహిణి గోపన్‌పల్లి పక్కనున్న యూనివర్సిటీలో పరిశోధనకు చేరింది. రోజూ ఆఫీసుల ముందు నుంచి పోతుంటే కొబ్బరి బొండాల బండ్ల పక్కన డొక్కల గుట్టలు కనిపించేవి. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు తాగి పడేసినవి. వాటిని ట్రాలీ ఆటోలో ఎత్తుకుపోయి ఊరి బయట పారబోసే ఎల్లేశాన్ని ఒకనాడు ఆపి, ఇవి నాకియ్యి అని అడిగింది. అతను ఆమెను ఎగాదిగా చూసి, "ఏం జేస్కుంటవక్కా వీటితోని?" అన్నాడు.

చిన్న ముక్కలు చేసి, కడిగి, ఆరబెట్టి ఆ పీచును రంగు నీళ్లలో వేస్తే ల్యాబులో మంత్రం వేసినట్టు పనిచేసింది. రంగంతా పీచుకు పట్టేసి నీళ్లు తేటపడ్డాయి. ఆ ముచ్చటతో ఆమెకు డాక్టరేటు వచ్చింది, హైటెక్ సిటీలో కొత్త కంపెనీలకు జాగా ఇచ్చే భవనంలో ఒక బల్ల దొరికింది. తీరా బాలానగర్ తెచ్చి ఓంకార్ నీళ్లలో వేస్తే పీచు మొండికేసింది. ల్యాబులో వాడిన రంగు వేరు, పత్తి గుడ్డకు వేసే రంగు వేరు. ఈ రంగుకూ పీచుకూ పొసగదు, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. పీచును ముందు ఒక మందులో నానబెట్టి గుణం మార్చాలి. నీళ్లలో కొంచెం ఆమ్లం కలిపి పుల్లగా చెయ్యాలి. అప్పుడుగానీ రంగు పీచును అంటుకోదు. ఇంత తెలిసేసరికి ఆమె జుట్టు ముందువైపు నెరిసింది. పెళ్లి సంగతి అడగడం భూలక్ష్మి మానేసింది.

నీళ్లు తేటపడ్డాకే అసలు తంటా మొదలైంది. పీచు రంగును పీల్చీ పీల్చీ కొన్నాళ్లకు నిండిపోతుంది. అప్పుడు దాన్ని తీసేసి కొత్తది నింపాలి. తీసినదాన్ని ఏం చెయ్యాలన్న ప్రశ్న రోహిణి మనసులో ఒక మూల ఎప్పుడూ ఉంది. ముందు నీళ్ల సంగతి తేలనీ, దాని సంగతి తర్వాత చూద్దాం అనుకుంటూ నెట్టుకొచ్చింది. ఓంకార్ వెనక జాగా ఎంతని, నాలుగు మంచాలు వేస్తే నిండిపోతుంది. ఊదా పీచు సంచులు అక్కడ పేరుకుపోయి, గుడ్డలు మోసేవాళ్ల కాళ్లకు అడ్డం పడుతున్నాయి.

స్టార్టప్ భవనంలో సమీక్ష జరిగిన రోజు, లోపలికి ఎప్పుడు పిలుస్తారా అని రోహిణి కుర్చీలో కూర్చుని ఉంటే ఎల్లేశం ఫోన్ చేశాడు.

"అక్కా, కొత్త డొక్కలు తెచ్చిన. దించుదామంటే జాగ లేదు. పాత సంచులు తీస్కపొమ్మని ఓంకార్ సేటు ఒకటే గులుగుడు. ఇవన్ని ఎక్కడ పెట్టాలె?"

ముందు రోజు ఒక డ్రమ్ముకు చీలిక వస్తే ఆమె పొద్దంతా నీళ్లలో నిలబడి అతికించింది. పొద్దున్నుంచి కడుపులో చాయ్ తప్ప ఏమీ లేదు. ఎదుట తలుపు తెరిచి ఎవరో చెయ్యి ఊపుతున్నారు.

"ఎక్కడన్న పెట్టు ఎల్లేశం. జర నువ్వే చూస్కో. నాకిప్పుడు చాత కాదు," అని ఫోన్ పెట్టేసి లోపలికి పోయింది.

అద్దాల గదిలో చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. బల్ల మీద రెండు సీసాలు పెట్టింది, ఊదా నీళ్లది ఒకటి, తేట నీళ్లది ఒకటి. అందరూ ముందుకు వంగి చూశారు. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన రమ్య అనే అమ్మాయి ఒకటే అడిగింది.

"మేడం, వాడేసిన పీచు ఏమవుతుంది?"

తెర మీద ఆ సంగతి ఒక్క ముక్కలో ఉంది: సురక్షితంగా తొలగించబడును. ఆ ముక్క రోహిణే రాసింది.

"దానికి ఏర్పాటు ఉంది," అంది.

అబద్ధం ఆడుతున్నానని ఆ క్షణంలో ఆమె అనుకోలేదు. ఆ ఏర్పాటేదో చెయ్యబోయేది తనే కదా, ఇవాళ కాకపోతే రేపు చేస్తుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద బట్టల మిల్లు వాళ్లకు చూపిద్దామన్నారు. రోహిణి బయటికొచ్చి మెట్ల మీద కూలబడి, అటు పోయే ఆటోలను చూస్తూ కాసేపు అట్లాగే ఉండిపోయింది.

తర్వాత ఎల్లేశం మళ్లీ అడగలేదు. జాగా ఖాళీ అయింది. ఓంకార్ గులగడం మానేశాడు. రోహిణి కూడా అడగలేదు. అడగాలని గుర్తొచ్చినప్పుడల్లా ఇంకేదో పని అడ్డొచ్చేది. గుర్తుపెట్టుకుని అడగడానికి కూడా కొంత ఓపిక కావాలి, అది ఆమె దగ్గర లేదు.

ఆదివారం పొద్దున ఆమె ఇంకా మంచం మీద ఉండగానే భూలక్ష్మి తలుపు నెట్టుకుని వచ్చింది.

"బిడ్డా, జర లే. నా చేతులు జూడు."

పడక మీదికి చాపిన రెండు అరచేతులూ ఊదాగా ఉన్నాయి. గోళ్ల సందుల్లో ఇంకా ముదురుగా ఉంది.

"ఏందమ్మా ఇది?"

"సబ్బు పెట్టి రుద్దిన, పోతలేదు. కింద మళ్లల్ల కొత్తగ ఏందో పొట్టు పరిచిన్రు గద, దాంట్ల గోంగూర నాటుదమని కెలికిన."

భూలక్ష్మికి మట్టి ముట్టుకోకుండా పొద్దు గడవదు. అపార్టుమెంటు కింద పూలమళ్లలో ఒక మూల గోంగూర, రెండు మిరప చెట్లు పెట్టుకోవడానికి సంఘం కార్యదర్శి భీమేశ్వరరావును బతిమాలి ఒప్పించుకుంది. ఇప్పుడు ఆ మళ్లకు అందం కోసమని సంఘం వాళ్లు రంగు పొట్టు తెప్పించి పరిపించారు.

రోహిణి తల్లి చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. ఆ ఊదా ఆమెకు తెలుసు. కిందటి నెలంతా ఓంకార్ తొట్టెల్లో మరిగిన ఊదా అది, గ్లాసు వెనక గ్లాసు ఎండకెత్తి చూసిన ఊదా. కాళ్లకు చెప్పులు కూడా వేసుకోకుండా లిఫ్టు వైపు పరుగెత్తింది.

మళ్ల నిండా పీచు ముక్కలు. బొటనవేలంత పొడుగు. ఆ కొలతకు డొక్కలు కోసే కత్తిని బిగించింది తనే. చేత్తో ఒక గుప్పెడు తీసి చూసింది, ఇంక అనుమానం లేదు. పైపుతో మళ్లకు నీళ్లు పడుతున్నారు, ఇళ్లలో వాడిన నీళ్లను శుద్ధి చేసి తోటకు మళ్లించినవి. సబ్బు గుణం పూర్తిగా పోని నీళ్లు. పులుపు ఉన్నంతసేపూ రంగును వదలని పీచు, సబ్బు గుణం తగలగానే విడిచిపెడుతుందని ఆమెకు ల్యాబులోనే తెలుసు. మళ్ల అంచుల నుంచి పలచటి ఊదా నీళ్లు సన్నగా కారి, తెల్ల గులకరాళ్ల మీదుగా పోతున్నాయి. ఎక్కడికి పోతున్నాయోనని వెంట నడిచింది. మూల మీద ఇంకుడు గుంతలోకి పోతున్నాయి. ఆ గుంత నుంచి భూమిలోకి. ఆ పక్కనే బోరు ఉంది.

రోహిణి పరుగున పోయి నల్లా కట్టేసింది. గుంత మూత పక్కనున్న ఇసుక సంచిని ఈడ్చుకొచ్చి నీళ్లకు అడ్డం పెట్టింది. నడుము పట్టేసింది. అట్లాగే వంగి నిలబడి ఉంటే, పొద్దున నడకకు వచ్చిన భీమేశ్వరరావు ఆగిపోయాడు. కాకినాడలో కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సంఘం పనులు సొంత ఇంటి పనిలా చూసుకుంటాడు.

"ఏమ్మా రోహిణీ, ఏమైందండి? అయ్యయ్యో, ఈ రాళ్లేమిటిలా అయిపోయాయి? పిల్లలెవరైనా హోలీ రంగులు కలిపారా ఏమిటి?"

ఆ మాట ఆయనే అందించాడు. రోహిణి ఊఁ అంటే చాలు, కథ అక్కడితో ముగుస్తుంది. నర్సరీ వాడు నాసిరకం సరుకు అంటగట్టాడని ఆయన నాలుగు తిట్టి ఊరుకుంటాడు. ఆమె పైకి పోయి పడుకోవచ్చు. ఆ కోరిక ఎంత బలంగా కలిగిందంటే, ఒక్క క్షణం ఆమె కళ్లు మూతపడ్డాయి.

"కాదంకుల్. ఇది నా సరుకు."

"మీ సరుకంటే?"

చెప్పింది. బాలానగర్ డ్రమ్ములు, రంగు నీళ్లు, పీచు, అన్నీ. ఎక్కడన్న పెట్టు అని తను అన్న మాట కూడా దాచలేదు. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"ఇది విషమాండి?" అన్నాడు చివరికి.

"ముట్టుకుంటే వెంటనే ఏం కాదు. కానీ తాగే నీళ్లలో ఉండకూడదు. బోరు నీళ్లు పరీక్ష చేయించేదాకా ఎవరూ తాగొద్దని చెప్పండి. పరీక్ష నేను చేయిస్తా."

"మా మనవరాలు నిన్న సాయంత్రమంతా ఇందులోనే ఆడుకుందండి." ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే రోహిణికి కొంత తేలికగా ఉండేది. "చదువుకున్నవారు. నీళ్లు శుభ్రం చేసే పని చేస్తున్నారని మీ అమ్మగారు ఎంత మురిసిపోతూ చెప్పేవారో! ముందు ఇదంతా తీయించండి. తర్వాత మాట్లాడదాం."

ఎల్లేశం ట్రాలీ ఆటో వేసుకుని గంటలోపే వచ్చాడు. గేటు దగ్గరే రోహిణి అందుకుంది.

"ఎవరికిచ్చినవ్ సంచులు?"

"నర్సరీ చెన్నకేశవులుకిచ్చిన. రంగు మంచిగుందన్నడు, మళ్లల్ల ఏస్తరట గద అందానికి." ఎల్లేశం మొహంలో తప్పు చేసినవాడి బెదురు లేదు, అయోమయం ఉంది. "పారబోసేబదులు నలుగురికి పనికొస్తది గదాని ఇచ్చిన. ఏమైందక్కా? నువ్వే గద ఎక్కడన్న పెట్టుమన్నవ్."

తిట్టడానికి నోరు తెరిచిన రోహిణి ఆ మాటతో ఆగిపోయింది. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

"అవును. నేనే అన్న," అంది. "సంచులు తే. అంతా ఎత్తాలె."

ఇద్దరూ మళ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఎత్తడం మొదలుపెట్టారు. పారతో తీస్తే మట్టిలో కలిసిపోతోంది, చేత్తో ఏరాల్సిందే. భూలక్ష్మి పాత చీర కొంగు నడుముకు చుట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. వద్దమ్మా అంటే, "నా చేతులకు ఎట్లనో అంటింది గద, ఇంకింత అంటుతది," అని ఏరుతూనే ఉంది. మళ్లలోని పై మట్టి కూడా తీసి సంచుల్లోకి ఎత్తారు. గోంగూర నారు దాంతోపాటే పోయింది. ఫ్లాట్లలోంచి జనం వచ్చి చూసి పోతున్నారు. కొందరు ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ఎవరో ఆడమనిషి గట్టిగానే అంది, పరిశోధనలు ఇంట్లో చేసుకోవచ్చు కదా అని. రోహిణి తలెత్తలేదు. సిగ్గుపడటానికి కూడా ఓపిక మిగలలేదు.

భీమేశ్వరరావు ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని వేపచెట్టు నీడలో కూర్చున్నాడు. ఎక్కడ ఒక ముక్క మిగిలినా, "అదిగోనండి, అక్కడ," అని వేలు పెట్టి చూపించాడు. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికొచ్చినా లేవలేదు.

"ఇవన్నీ తీసుకెళ్లి ఎక్కడ పోస్తారండి?" అని అడిగాడు, సంచుల మూతులు కడుతుంటే.

రోహిణి చేతిలోని సంచికి ముడి బిగించింది.

"తెలియదంకుల్. తెలిసేదాకా నా దగ్గరే ఉంచుకుంటా."

చెన్నకేశవులు ఇంకొక చోట కూడా అమ్మాడని తేలింది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఒక అద్దాల ఆఫీసు ముందున్న పెద్ద పెద్ద కుండీలకు. మర్నాడు అక్కడికీ పోయారు. కాపలా మనిషి చాలాసేపు లోపలికి రానియ్యలేదు. ఇచ్చిన పొట్టును వాపసు తీసుకుంటామంటే అతనికి అర్థం కాలేదు, అట్లా అడిగినవాళ్లు ఇంతవరకూ ఎవరూ రాలేదు. కుండీల్లో చెయ్యి పెట్టి ఏరుతుంటే మెడలో కార్డున్న ఒక అమ్మాయి ఆగి, "రంగు చాలా బాగుందండి, మా డెస్కు మీది మొక్కకు కొంచెం తీసుకోవచ్చా?" అని అడిగింది. వద్దమ్మా, మంచిది కాదు అంది రోహిణి. ఆ అమ్మాయి నమ్మనట్టు చూసి, నవ్వి, లోపలికి పోయింది.

అక్కడి నుంచి తిన్నగా బాలానగర్ పోయి, ట్రాలీ గేటు లోపలికి రాగానే రోహిణి ఓంకార్‌తో చెప్పింది.

"అన్నా, డ్రమ్ములు ఆపాలె."

"ఏందీ?"

"పీచు ఏడికి పోవాలో తేలేదాకా నడపొద్దు."

ఓంకార్ చేతిలోని గుడ్డ కట్ట కింద పడేశాడు. "దిమాక్ ఉండే మాట్లాడుతున్నవా మేడం? నీళ్లు తేటగొస్తున్నయ్. ఆఫీసోల్లు చూసి పోయిన్రు, ఒప్పుకున్నరు. ఇగ ఏం గావాలె నీకు?"

"రంగు నీళ్లల్లకెళ్లి పోయింది. లోకంలకెళ్లి పోలే. మా అమ్మ చేతులకు అంటింది, మా బోరు గుంతల వడ్డది."

"మా అమ్మ చేతులకు ముప్పై ఏండ్లసంది అంటింది!" అరిచాడు ఓంకార్. లోపల యంత్రాల దగ్గర పనిచేస్తున్నవాళ్లు తిరిగి చూశారు. "ఈ సందుల అందరి చేతులు గిట్లనే ఉంటయ్. నాలాల పోయినన్నొద్దులు ఎవ్వనికీ ఫికర్ లేదు. నీ ఇంటి ముంగటికొస్తే ఇయ్యాల పరేషానైతున్నవ్."

రోహిణి గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఓంకార్ కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఒక డ్రమ్మును కాలితో తన్నాడు. తర్వాత ఎవరికో చాయ్ తెమ్మని చెప్పి, ఆమె పక్కనే వచ్చి కూర్చున్నాడు.

"నేను తప్పంటలేను మేడం," అన్నాడు చాయ్ గ్లాసు అందిస్తూ. "కానీ యూనిట్ ఆగితే లోపలున్నోల్లు యాడికి పోతరో చెప్పు."

"సరె, ఆపకన్నా. ముదురు రంగులు కొన్నొద్దులు తీస్కోకు. లేత రంగులకు పీచు తక్కువ పడ్తది. వచ్చిన పీచు తడవకుండ ఇక్కడనే ఉంచుదాం. నేను జాగ చూస్త."

"ఇక్కడ జాగ యాడిది?"

ఆ తర్వాత వారం రోహిణి ఫోన్ పట్టుకునే గడిపింది. ప్రమాదకరమైన చెత్తను పాతిపెట్టే చోటు వాళ్లు ఇంత చిన్న యూనిట్ సరుకు తమకు కిట్టదన్నారు. ఇటుక బట్టీ అతను రేపే పంపమన్నాడు. కాలిస్తే పొగలో ఏం పోతుందో తెలిసిన రోహిణే వద్దనుకుంది. యూనివర్సిటీలో పాత గురువు ఒకాయన చెప్పాడు, తాండూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీల కొలిమిలో వేడి చాలా ఎక్కువ, అందులో పడితే రంగు మిగలదు, ఇట్లాంటివి బొగ్గుతోపాటు వేసుకునేందుకు అనుమతి ఉన్నవాళ్లున్నారు అని. ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేస్తే చివరికి ఒక ఫ్యాక్టరీ వాళ్లు, నమూనా పంపండి, ఎండినదైతే చూస్తాం అన్నారు.

అపార్టుమెంటు బోరు నీళ్ల పరీక్షలో రంగు ఆనవాలు దొరకలేదు. ఆ కాగితం పట్టుకుపోయి ఇస్తే భీమేశ్వరరావు కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు. "సంతోషమండి. వానాకాలం అయ్యాక ఇంకోసారి చేయించండి," అన్నాడు. చేయిస్తానని మాటిచ్చింది. ఆయన క్షమించానని అనలేదు, ఆమె అడగనూ లేదు.

స్టార్టప్ భవనానికి కూడా తనే పోయి జరిగింది జరిగినట్టు చెప్పింది. మిల్లు వాళ్లకు చూపించే సంగతి వాళ్లు వాయిదా వేశారు. ఎప్పటికి అని ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు ఆమె బల్ల మీద ఇంకెవరివో కంప్యూటర్లు పెట్టారు. రమ్య మాత్రం లిఫ్టు దాకా వెంట వచ్చింది.

"నేను అలా అడగకుండా ఉండాల్సింది మేడం."

"గట్టిగ అడగాల్సింది తల్లీ," అంది రోహిణి. "ఇంకోసారి అడగాల్సింది."

ఓంకార్ తండ్రి కాలం నాటి కారు ఒకటి రేకుల షెడ్డు కింద ఏళ్లుగా కదలకుండా ఉండేది. ఒకరోజు రోహిణి వచ్చేసరికి అది రోడ్డు మీద ఉంది, షెడ్డు ఖాళీగా ఉంది. కింద సిమెంటు కొత్తగా పూసి ఉంది. "పెట్టు ఇగ నీ సంచులు," అన్నాడు ఓంకార్ ఆమె వైపు చూడకుండా. ముదురు రంగుల ఆర్డర్లు వదులుకున్నందుకు అతను ఇంకా లోపల మండుతూనే ఉన్నాడు. ఆ మంట మాటల్లో కొన్నాళ్లు కనిపించింది, ఆ తర్వాత అదీ అలిసిపోయింది.

ఫ్యాక్టరీ వాళ్లు నమూనాకు ఒప్పుకున్నారు. లోడు నిండాక లారీ మాట్లాడుకుని తాండూరు బయల్దేరారు. రోహిణి ముందు సీట్లో కూర్చుంది, పక్కన ఎల్లేశం. ట్రాలీ ఆటో ఇంటి దగ్గర పెట్టి వచ్చాడు, నువ్వు రానవసరం లేదన్నా వినలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల వరస చాలా పొడుగ్గా ఉంది. వంతు వచ్చాక లోపలి మనిషి సంచుల్లోంచి పిడికెడు పిడికెడు తీసి పరీక్ష చేసి, తల అడ్డంగా ఊపాడు.

"తడి ఉందమ్మా. కింది సంచులు చెమ్మ పట్టినయ్. ఇట్ల తీసుకోం."

"వాపసు తీసుకపోవాల్నా?"

"ఆరబెట్టుకొస్తే చూస్తం. అగో, ఆ మైదానంల ఎండ మస్తుంది."

లారీ డ్రైవరు విసుక్కుంటూ బండి పక్కకు పెట్టాడు. మిగిలిన ఇద్దరూ నేల మీద పెద్ద టార్పాలిన్ పట్టాలు పరిచారు. తడి సంచులు విప్పి పీచును పలచగా పరిచి, కాసేపటికోసారి కట్టెలతో తిరగేశారు. నాపరాయి దుమ్ము గాలికి లేచి పీచు మీద, వాళ్ల మొహాల మీద పడుతోంది. దూరంగా కొలిమి గొట్టం ఆగకుండా రొద పెడుతోంది. ఒక దఫా తిరగేసి వచ్చి లారీ నీడలో కూర్చున్న రోహిణికి తల తూలింది.

"పండుకో అక్కా. నేను తిప్పుత," అన్నాడు ఎల్లేశం.

"నువ్వూ అలిసినవ్ గద."

"నువ్వు లేశినంక నేను పండుకుంట."

గోనె సంచి తలకింద పెట్టుకుని ఆమె అట్లాగే ఒరిగింది. ఎల్లేశం లేపేసరికి నీడ లారీ అవతలి వైపుకు తిరిగింది. లోపలి మనిషి వచ్చి పీచులో చెయ్యి పెట్టి చూస్తున్నాడు. మళ్లీ పరీక్షకు తీసుకుపోయాడు. తిరిగొచ్చి, సగం ఇప్పుడు పొయ్యండి, మిగతాది ఇంకొంచెం ఎండనియ్యండి అన్నాడు.

రోహిణి దుమ్ము దులుపుకుని ఓంకార్‌కు ఫోన్ చేసింది.

"తీసుకున్నరా?" అన్నాడు అతను ఎత్తగానే.

"సగం తీసుకున్నరు. సగం ఆరుతుంది."

అవతల యంత్రాల చప్పుడు మధ్య అతను గొంతు పెంచాడు.

"ఒక నీలం ఆర్డరుంది మేడం. పట్టాల్నా, వద్దా?"

రోహిణి మైదానంలో పరిచిన పీచు వైపు చూసింది. ఎల్లేశం కట్టె పక్కన పెట్టి, పట్టా అంచు గాలికి లేవకుండా రాయి వెతుకుతున్నాడు.

"పట్టన్నా," అంది. "కొంచెమే పట్టు. షెడ్డు మీద రేకు ఒకటి కారుతున్నట్టుంది, రేపొచ్చి చూస్త."

ఫోన్ జేబులో వేసుకుని, కట్టె తీసుకుని, పట్టా రెండో చివర నుంచి తిరగెయ్యడం మొదలుపెట్టింది.